సెంట్ల బేరం

నిన్న కావలి స్టేషన్లో నెల్లూరు బండి కోసం కూర్చుని ఉంటే, పక్కనున్న కాలేజీ పిల్ల మొహమాటపడుతూనే అడిగింది, ఆంటీ, మీరు రాసుకున్న సెంటు పేరేంటి అని. చెప్పాను. ఫ్రెంచి పేరు, నా నోట అది ఎలా పలికిందో దేవుడికెరుక. ఆ పిల్ల బుద్ధిగా ఫోనులో రాసుకుంది. బండి ఎక్కాను గానీ బిట్రగుంట దాటేదాకా నా మనసు బండిలో లేదు. అరవై దగ్గరపడ్డ మనిషిని, పెళ్ళినాడు కూడా పౌడరు దాటి ఎరగనిదాన్ని, ఈ సెంట్లలో ఎలా పడ్డానా అని తలచుకుంటే మా వదినే కళ్ళముందుకు వచ్చింది.

వదిన అంటే మా ఆయనకు అక్క. ఆయన పోయాక మా ఇంటి పై వాటాలోకి వచ్చి చేరింది. నాకు తోడుగా వచ్చానని ఆవిడ అంటుంది, ఆవిడకు తోడుగా నేనున్నానని నేనంటాను, ఈ తగువు ఇంకా తేలలేదు. ఆయన పోయిన మరుసటి ఏడు నాకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ పోతూ పోతూ నా ముక్కును వెంట పట్టుకుపోయింది. పాలు మాడి వంటిల్లంతా పొగ నిండినా కళ్ళు మండితేనే తెలిసేది. చేపల పులుసులో ఉప్పూ కారం పులుపూ తెలిసేవి, చేప మాత్రం ఎటు పోయిందో తెలిసేది కాదు. నెల్లూరు మనిషికి ఇంతకంటే శిక్ష ఉంటుందా?

అయినా నా ఏడుపు పులుసు గురించి కాదు. బీరువాలో ఆయన చొక్కా ఒకటి ఉంది. ఆఖరి ఆదివారం గుడికి, అదే మా చర్చికి, తొడుక్కెళ్ళి, వచ్చాక కొక్కేనికి తగిలించిన తెల్లని పొట్టి చేతుల చొక్కా. దాన్ని నేను ఎవరినీ ఉతకనివ్వలేదు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి దాచుకుని, మనసు మరీ బాగోలేనప్పుడు ముడి విప్పి ముఖానికి ఆనించుకునేదాన్ని. కొబ్బరినూనె, చెమట, గడ్డం గీసుకున్నాక రుద్దుకునే పటిక. పటికకు వాసనేమిటని నన్నడక్కండి, మా ఆయన మీద ఉండేది. ముక్కు పోయాక ఆ చొక్కా ఉత్త గుడ్డ అయిపోయింది. గుడ్డలో వాసన ఎన్నాళ్ళని నిలుస్తుంది? అది ఆరిపోయేలోగా నా ముక్కు తిరిగి రావాలి, నా భయమంతా అదే. అందుకని ప్రతి ఆదివారం గుడినుంచి రాగానే సంచి వదిన చేతికిచ్చి, ఇంకా ఉందా చూడు వదినా అనేదాన్ని. ఆవిడ కళ్ళు మూసుకుని నిదానంగా పీల్చి, "ఉండాదిలే మే, మావాడు యాడికి పోతాడు" అనేది. ఆ వారానికి నాకు అన్నం సయించేది.

ఘాటైన వాసనలు రోజూ పీల్చమని, ముక్కుకు మళ్ళీ అక్షరాభ్యాసం చేయించాలని డాక్టరు చెప్పాడు. లవంగాలు పీల్చాను, నిమ్మతొక్క పీల్చాను, నీలగిరి తైలం పీల్చాను. చివరికి విసుగొచ్చింది. అప్పుడే ఫోనులో కంటపడింది, పాతకాలపు పేరుమోసిన సెంట్లను చిటికెనవేలంత సీసాల్లో పోసి శాంపిళ్ళుగా పంపేవాళ్ళున్నారట. పీల్చేదేదో మంచిదే పీలుద్దామని తెప్పించాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో చాప పరుచుకుని కూర్చునేవాళ్ళం. కాగితప్పట్టీ మీద ఒక చుక్క వేసి ముందు నేను పీల్చేదాన్ని. ఏమీ ఉండేది కాదు. తర్వాత వదిన పీల్చి చెప్పేది. సీసాతో వచ్చిన చీటీలో ఏవేవో పూల పేర్లు, చెక్కల పేర్లు ఉండేవి గానీ ఆవిడ వాటిని లెక్కచేసేది కాదు. ఒకటి సెలూన్లో తెల్లగుడ్డ కప్పించుకుని కూర్చున్న పెళ్ళికొడుకట. ఒకటి వానాకాలం మన ప్రహరీ గోడ మీది పాచి. మా నాయనమ్మ కాలంలో పుట్టి లోకమంతా పేరు తెచ్చుకున్న సెంటునేమో, ఇస్త్రీ చీర మడతలో సబ్బుబిళ్ళ మరిచిపోయినట్టుందని తేల్చేసింది. నేను కళ్ళు మూసుకుని ఆ మాటల్నే పీల్చేదాన్ని. ఫ్యాను గాలికి పట్టీలు కదులుతుండేవి. కునుక్కీ మెలకువకీ మధ్య ఎక్కడో ఆ పెళ్ళికొడుకు నడిచి వెళ్ళేవాడు, పాచిపట్టిన గోడ మీద ఎండ పడేది, ఎవరిదో చీర మడత విడేది. లేచేసరికి ఏదో తెలియని ఊరు చూసొచ్చినట్టు ఉండేది.

పోనుపోను ఒక్కో పట్టీ దగ్గర ఏదో మెదిలేది. వాసన కాదు, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళిన కుర్చీలాంటిది. మల్లెపూవంటే నాకు ప్రాణమని పుట్టినప్పటినుంచీ అనుకుంటున్నానా, మల్లె సెంటు దగ్గర ముక్కు ఉలకలేదు, పలకలేదు. గులాబీ దగ్గరా అంతే. వట్టివేరు సెంటు దగ్గర మాత్రం లోపలెక్కడో చల్లగా తగిలేది. నాకేం ఇష్టమో నాకంటే ముందు నా చచ్చిన ముక్కుకే తెలిసిందన్నమాట. రోజూ మణికట్టుకు అదే రాసుకోవడం మొదలుపెట్టాను.

ఇక మా వదినకు గొప్పలు చెప్పుకోవడం ఒక సరదా. మా మరదలు సెంట్లు కొంటుండాది, చిన్న చిన్నవే అయినా అన్నీ పేరున్నవి అని గుడి వాకిట్లో ఎవరితోనో అంది. ఈ కాలంలో ఒంటికి కొట్టుకునేదాన్ని అందరూ స్ప్రే అంటున్నారు, సెంట్లంటే భూమే. వారం తిరక్కుండా నేను జువ్వలదిన్నె హార్బరు దగ్గర స్థలాలు పోగేస్తున్నానని సంఘమంతా పాకిపోయింది. స్థలాల బేరాలు చేసే సంఘపెద్ద ఒకాయన కారు వేసుకుని మా ఇంటికే వచ్చేశాడు.

"ఇప్పటికి ఎన్ని సెంట్లున్నాయమ్మా?" అన్నాడు.

"పన్నెండయ్యా, బీరువాలో పెట్టుకున్నా" అన్నాను.

"మంచి పని చేసినారు. దస్తావేజులు బీరువాలోనే ఉండాల" అన్నాడాయన.

అప్పటికి గాని నాకు విషయం వెలగలేదు. నోరు విప్పబోతే వదిన నా చెయ్యి గిల్లింది. సముద్రం చూసి శానాళ్ళయింది, కారు ఊరికే వస్తుంటే కాదంటావేంది అని చెవిలో గొణిగింది. అలా ఇద్దరం పెద్దమనుషుల్లా కారెక్కి జువ్వలదిన్నె వెళ్ళాం. ఆయన హద్దురాళ్ళు చూపిస్తుంటే తలలూపాం, ధర చెప్తే పెదవి విరిచాం. తర్వాత ఒడ్డుకు నడిచాం. ఇసకలో ఎండబెట్టిన చేపలు పరిచి ఉన్నాయి. గాలి మా వైపు తిరిగింది, నేను ఆగిపోయాను.

కంపు. పచ్చిగా, నిఖార్సుగా, ముక్కు పగిలే ఎండుచేపల కంపు. అంత కమ్మటి కంపు నేను జన్మలో ఎరగను. మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చేపల వెనకనుంచి మెల్లగా తడిసిన వేళ్ళు, మట్టి, వేసవిలో నీళ్ళు చల్లిన తడికె. గడ్డి వాసనలో కొద్దిగా నిమ్మ. నేను అన్ని మధ్యాహ్నాలు కలగన్నది ఇది కాదు, దానికంటే బాగుంది. నిలబడినచోటే ఏడ్చేశాను. స్థలం నచ్చకపోతే ఇంకోటి చూపిస్తానమ్మా, దానికి ఏడుపెందుకని సంఘపెద్ద కంగారుపడ్డాడు. నాకు వాసన వచ్చిందని వదినకు చెప్పాను. ఆవిడ నవ్వింది గానీ నవ్వు సగంలోనే ఆగింది. దారంతా కారు అద్దంలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. సంతోషంలో నేను పట్టించుకోలేదు.

ఇంటికి రాగానే కాళ్ళయినా కడుక్కోకుండా బీరువా తీశాను. ముడి విప్పి చొక్కా ముఖానికి అదుముకున్నాను. ప్లాస్టిక్ వాసన. బీరువాలోని కలరా ఉండల వాసన. కాలరు వెతికాను, చంకలు వెతికాను, తిప్పి వెతికాను. ఆయన లేడు.

వదిన గుమ్మంలోనే నిలబడి ఉంది.

"పోయి శానా దినాలయింది మే" అంది. "చెప్తే నువ్వు ముక్కు మీద ఆశ కూడా వదిలేస్తావని చెప్పలేదు."

ప్రతి వారం అంత నిబ్బరంగా అబద్ధం ఎలా ఆడావని అరిచాను. నిజంగానే ఒళ్ళు మండిపోయింది నాకు. ఆవిడ వచ్చి నా పక్కన మంచం మీద కూర్చుని, చొక్కా అందుకుని ఒళ్ళో పరుచుకుంది.

"ఉండాది అని నీకు చెప్తా ఉంటే, ఆ నిమిషం నాకూ వచ్చేది మే, మావాడి వాసన" అంది.

ఆవిడకు ఆయన నాకంటే ముందునుంచీ తెలుసు. చంకనేసుకుని పెంచింది. ఆ మాట అప్పటిదాకా నాకు తట్టనేలేదు. నా కోపం ఎటుపోయిందో పోయింది. సాయంత్రం ఇద్దరం కలిసే చొక్కా ఉతికాం, ఆవిడ సబ్బు పెట్టింది, నేను జాడించి దండెం మీద ఆరేశాను. కాలం ఆయన్ని ఒక్కరోజులో లాక్కుపోయిందనే అన్నాళ్ళూ తిట్టుకున్నాను. కాదు, కొంచెం కొంచెంగానే తీసుకుపోయింది, మేమిద్దరం తట్టుకోగలిగినంత చొప్పున.