రాహుకాలంలో ఉత్తరాలు రావు

ఉత్తరం రాలేదని జనం దిగులుపడిన కాలమూ చూశాను, ఉత్తరాలు ఆగడం లేదని తల పట్టుకున్న కాలమూ చూశాను. ఆ రెండోది మా విశాఖపట్నంలో, రెండువేల సంవత్సరానికి అటూ ఇటూగా, హార్బరు దగ్గరి ఓడల ఏజెంటు ఆఫీసుల్లో మొదలైంది. "కస్టమరు ఏమంటున్నాడో విని సరుకు తయారుచేయాలి" అని ఈనాటి కుర్రాళ్లు అదేదో తామే కనిపెట్టినట్టు చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. అయ్యా, ఆ పని నేను అప్పుడే చేశాను. చేసి ఏమయ్యానో కూడా వినండి.

అలాంటి ఒక ఆఫీసులో నేను గుమాస్తాను. చదువు పదో తరగతి. (పాసయ్యానా, తప్పానా అన్నది ఇక్కడ అప్రస్తుతం.) కంప్యూటరు మాత్రం, ఫుట్‌పాత్ మీద కొన్న, మొదటి ముప్పై పేజీలు లేని పుస్తకం చూసి సొంతంగా నేర్చుకున్నాను. ఓడ వస్తోందంటే చాలు, కెప్టెను ఒకటి, ఓనరు రెండు, సరుకు తాలూకు వాళ్లు నాలుగు, ఈమెయిళ్లు కుప్పలు పోసేవారు. వాటిలో అర్జెంటువి పైకి తెచ్చి, ఊసుపోక రాసినవి అడుక్కి నెట్టే ప్రోగ్రాం ఒకటి రాశాను. రాశాక గుమాస్తా కుర్చీ ఇరుకనిపించింది. రాజీనామా ఇస్తే మా పెద్దసారు కళ్లద్దాలు ముక్కు మీదికి దించి, "మూడు నెలలయ్యా. మళ్లీ ఇక్కడికే వస్తావు. కుర్చీ తుడిపించి ఉంచుతాలే" అన్నాడు. ఆ కుర్చీలో మళ్లీ కూర్చుంటే నా పేరు మార్చుకుంటానని గేటు దాటాక (లోపల అనలేదు) శపథం చేసి, గాజువాకలో ఓ గది తీసుకున్నాను.

నా తోడు మా ఆవిడ అన్నయ్య. ఉక్కునగరంలో ఉండి స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. డ్యూటీ లేనప్పుడు ప్రోగ్రాంను పది ఆఫీసుల్లో ఉచితంగా పెట్టి, ఒక పొడుగాటి పుస్తకంలో వాళ్ల సలహాలు రాయించుకొచ్చేవాడు. అక్షరాలు పెద్దవి చెయ్యమని ఒకరు, చిన్నవి చెయ్యమని మరొకరు. (ఇద్దరిదీ ఒకే ఆఫీసు, ఒకే కంప్యూటరు.) రొయ్యలు ఎగుమతి చేసే ఒకాయన మాత్రం, రాహుకాలంలో వచ్చిన ఆర్డరు కలిసిరావడం లేదు గనుక ఆ గంటన్నరా మెయిళ్లు ఆపి, తర్వాత చూపించగలరు అని రాశాడు. దాని కింద మరో ఇద్దరు "మాకూనూ" అని సంతకాలు పెట్టారు.

"ఏటి బావా, నిజంగానే ఎట్టీస్తన్నావేటి?" అన్నాడు మా బావ.

"ముగ్గురు రాసినారు బావా. కస్టమరు రాస్తే అంతే."

"మరది అక్కర్లేనోడు ఆపుకోడానికి బటనేదీ?"

"బటన్ కావాలని ఎవులు రాసినారో సూపించు."

పుస్తకమంతా తిరగేసి, "ఎవులూ రాయలేదు" అన్నాడు.

"అయితే లేదు" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో!

ఉద్యోగం వదిలిన మూడో నెల ఆఖరి శుక్రవారం, పొద్దున్న తొమ్మిదిన్నరకి మా గదిలో ప్రారంభం. పిలిచింది పెద్దసారునే. ఆయన కొంటే హార్బరు రోడ్డున ఉన్న ఆఫీసులన్నీ కొంటాయి, కొనకపోతే నాకు మళ్లీ గుమాస్తాగిరీయే. ఆయన మెయిళ్లన్నీ మా మిషన్‌కి వచ్చేలా ముందే పెట్టి ఉంచాం. ఆయనేమో పదీ నలభైకి వచ్చాడు. కొబ్బరికాయ కొట్టాడు. తన ఆఫీసుకి ఫోన్ చేసి, "నాకో మెయిలు కొట్టండ్రా" అన్నాడు. మోడెం కూసింది, గీపెట్టింది. తెర మీద మెయిలు బదులు, ఇంగ్లీషు అక్షరాల్లో నేను రాసిపెట్టిన తెలుగు ముక్క వెలిగింది: మీ ఉత్తరం భద్రం, పన్నెండు దాటాక ఇవ్వబడును.

"ఏటయ్యా ఇది?"

"శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలమండి."

"నీకేటైనా మతుందా? నా ఓడ బయట లంగరేసుంది!" అని లేచి గుమ్మం దాకా వెళ్లినవాడు, అక్కడే ఆగిపోయాడు. "రాహుకాలమా? మరి నేనిప్పుడు బయల్దేరకూడదే" అంటూ తిరిగొచ్చి కూలబడ్డాడు.

ఏం చేస్తాడు పాపం, కొబ్బరి ముక్కలు తిన్నాడు. సలహాల పుస్తకం చదివి కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. చివరికి కుర్చీలోనే కునుకు తీశాడు. నేను మాత్రం గోడ గడియారాన్ని చూస్తూ చెమటలు తుడుచుకుంటున్నాను. పన్నెండు కొట్టగానే తొమ్మిది మెయిళ్లు ఒక్కసారిగా దిగాయి. ఒకటి తన ఆఫీసువాళ్లు పరీక్షకి కొట్టింది. నాలుగింటిలో "ఇప్పుడేం చేయమంటారు?" అని గగ్గోలు. తక్కిన నాలుగింటిలో అదే మనుషులు, "అక్కర్లేదు లెండి, సర్దుకున్నాం."

పెద్దసారు వాటిని రెండుసార్లు చదివాడు. "పదేళ్లయిందయ్యా, నన్నెవరూ ఏటీ అడక్కుండా ఇంతసేపు కూర్చుని. ఇది రేపే మా ఆఫీసులో పెట్టు. రాహుకాలం ఒక్కటే చాలు."

"మరి అర్జెంటువి పైకి తెచ్చేది సార్? అదే కదండీ అసలు..."

"అదొద్దు. పైకొస్తే చూడాలి కదా!"

చెప్పులు కూడా వేసుకోకుండా మండుటెండలో రోడ్డు మీదికి వచ్చేశాను. వెనకే బావ పరిగెత్తుకొచ్చాడు. "ఆర్డరొచ్చినోడు ఎవుడైనా ఏడుస్తాడేటి బావా? జనం సూస్తన్నారు, లోపలికి రా!"

వెళ్లాను. ఆ ప్రోగ్రాం ఆరేళ్లు అన్నం పెట్టింది. ఉత్తరాలు వేగంగా అందించాలని రాత్రింబవళ్లు తపించిన మనిషిని, హార్బరు అంతా "ఉత్తరాలు ఆపే ఆయన" అని పిలిచింది. ఆ పిలుపు విన్నప్పుడల్లా పళ్లు కొరుక్కునేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే, తారురోడ్డు మీద ఒట్టికాళ్లతో గెంతుతూ, గెలిచినందుకు అలిగిన ఆ మనిషి మీద జాలీ నవ్వూ కలిసి వస్తాయి. నీడలోకి రావయ్యా అని చెయ్యి పట్టి లాగాలనిపిస్తుంది. వస్తాడా? రాడు. అర్జెంటువి పైకి తేవడం ఎంత గొప్పదో ముందు నాకు నచ్చజెబుతాడు.