పత్తి కట్టె తగిలిన అబ్రహాం గారు

అబ్రహాం గారు ఇక లేరన్న వార్త మంగళవారం ఉదయం గుంటూరు ఆసుపత్రి నుంచి వచ్చింది. నమ్మబుద్ధి కాలేదు. ఎక్కడి నుంచీ తొందరపడి వెళ్లిపోయే మనిషి కాదాయన. మా మండలంలో ఇరవై ఏళ్లు వ్యవసాయ విస్తరణాధికారిగా పనిచేసిన ఆ దీక్షాపరుణ్ణి పొగ చంపింది. పొగ ఆపడమే ఆయన ఉద్యోగం.

ఎదుగుతున్న మన దేశం పొగ తగ్గిస్తామని లోకానికి మాటిచ్చింది. మహత్తరమైన మాట. అది రాజధానిలో పుట్టి, ఉత్తర్వుగా మారి, జిల్లాలు దాటి, చివరికి అబ్రహాం గారి పాత మోటారుసైకిలు ఎక్కింది. పత్తి తీసేశాక చేలో మిగిలే కట్టెను తగలబెట్టకూడదు, యంత్రంతో నుగ్గు చేసి దుక్కిలో కలపాలి. యంత్రం మండలానికంతటికీ ఒకటి. మిర్చి కోతల వేళ దానికోసం ఆగే ఓపిక ఎవరికుంటుంది?

సాంబయ్య అనే రైతు నిరుడు నిలదీశాడు. "చీమకుర్తి రాయి లారీల పొగ మీకు కనపడదాండీ? మా కట్టె పొగే కళ్లల్లో పడిందా?"

"అదీ పొగేనయ్యా. దాన్ని ఆపమని నాకు చెప్పలేదు. నీ చేను చూపించారు, వచ్చాను," అన్నారాయన, అగ్గిపెట్టె లాక్కుంటూ.

సాంబయ్య చేతికందిన పత్తి కట్టెతో ఆయన తల పగలగొట్టాడు. కింద పడ్డాక కూడా కొట్టాడు. చొక్కా నెత్తురోడింది, తలకు ఏడు కుట్లు పడ్డాయి. పోలీసులు అడిగితే ఆయన "పత్తి కట్టె తగిలింది" అని వాంగ్మూలమిచ్చారు. అక్షరసత్యం. ఆయన కింద పనిచేసే నేను కోపంతో ఊగిపోతుంటే నవ్వారు. "కట్టెతో కొట్టాడు గానీ కాల్చలేదు కదోయ్. సగం దారికొచ్చాడు."

మిగతా సగం రాలేదు. మొన్న శనివారం మిట్టమధ్యాహ్నం సాంబయ్య కట్టెకు నిప్పు పెట్టాడు. గాలి తిరిగి, మంట గట్టు దాటి, అతని మిర్చి ఎండబోసిన కల్లంలో పడింది. మేమిద్దరం ట్రాక్టరుతో నీళ్ల ట్యాంకరు లాక్కుని వెళ్లేసరికి సాంబయ్య పైపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"నీళ్లు కొట్టొద్దండీ! తడిస్తే రంగు పోద్ది, కాయంతా తాలైపోద్ది!"

"కాలితే రంగొస్తదంట్రా?" అని అరిచారు అబ్రహాం గారు.

మా రైతుకు కల్లం మీద నీటిచుక్క పడటాన్ని మించిన ఘోరం లేదు. ఆ క్షణంలో నిప్పుది కూడా రెండో స్థానమే. ఆ వాదులాటలో రాశి అంటుకుంది. కాలే మిర్చి ఘాటు కళ్లు పొడుస్తుంది, గొంతు కోస్తుంది, ఊపిరితిత్తుల్ని లోపలే మండిస్తుంది. అప్పటికే నింపిన బస్తాలు ఈడ్చుకొద్దామని సాంబయ్య అందులోకే దూకి పడిపోయాడు. అబ్రహాం గారు తడి తువ్వాలు మొహానికి చుట్టుకుని వెళ్లి, జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి, అతణ్ణి గట్టు మీదికి విసిరేశారు. ఆ పక్కనే నెత్తురు కక్కుకుంటూ కూలబడ్డారు. ఆసుపత్రిలో నాతో అన్న చివరి మాట: "వాడి మిగతా చేలోకి యంత్రం పంపించవోయ్."

సమాధి చేసిన మర్నాడే పంపించాను, నేనూ వెళ్లాను. సాంబయ్య కాలిన చేతులకు కట్లతో గట్టు మీద ఉన్నాడు. రెండు మణికట్ల మధ్య ఒక పత్తి కట్టె ఇరికించుకుని తెచ్చి, నాకిచ్చి, తల వంచాడు.

"కొట్టండి సార్."

కొట్టాలనే ఉంది. చాలా ఉంది. అబ్రహాం గారైతే ఏదో ఒక మాట అని, ఆ వంచిన తలను పైకెత్తించి ఉండేవారు. ఎంత వెతుక్కున్నా ఆ మాట నాకు దొరకలేదు. కట్టెను యంత్రంలో వేసి వచ్చేశాను.

మహానుభావా, మీ మోటారుసైకిలు ఇప్పుడు ఆఫీసువాళ్లు నాకిచ్చారు. ఆ మాట మాత్రం మీతోనే పోయింది.