నెత్తిన గుడ్లబుట్ట

నాకు యాభై ఒకటి. నూట ఎనభైలోంచి వయసు తీసేస్తే నూట ఇరవై తొమ్మిది. పరుగెత్తేటప్పుడు నా గుండె నిమిషానికి అంతకు మించి కొట్టుకోకూడదు. ఈ లెక్క చెప్పింది మా తమ్ముడు. వాడి అంకె నూట ముప్పై నాలుగు. వాడు పోయి ఏడాది కావస్తోంది.

వాడు పరుగెత్తుతూనే పోయాడు. ఆదివారం ఉదయం, బీచ్ రోడ్డులోకి బళ్ళని రానివ్వని వేళ. ఆస్పత్రికి చేర్చేసరికే అయిపోయింది. లోపల రక్తనాళం పూడుకుపోయిందని, కుర్చీలో కూర్చుని ఉన్నా జరిగేదేనని డాక్టరు చెప్పాడు. ఆ మాట అందరి మనసుకీ ఎక్కింది. నాకు ఎక్కలేదు. దానికి కారణం ఉంది.

అంతకు ముందు ఆదివారం చేపల కోసం వెళ్తూ, స్కూటరు పక్కవీధిలో పెట్టి అదే రోడ్డు దాటుతున్నాను. తమ్ముడు ఎదురొచ్చాడు. దాన్ని పరుగు అనడానికి లేదు. ఒక పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని, నడుస్తూనే వాణ్ణి దాటిపోతున్నాడు.

“ఏట్రా, నెత్తిన గుడ్లబుట్ట గాని పెట్టుకున్నావేటి? ఆ ముసలాయన నీకంటే ముందెల్పోతన్నాడు,” అన్నాను.

వాడు నవ్వి, ఉన్నచోటే అడుగులు వేస్తూ మణికట్టు మీది వాచీ చూపించాడు. “నూట ముప్పై నాలుగు దాటకూడదన్నయ్యా. దాటితే ఇది గోల పెట్టేత్తాది.”

“పరుగంటే పరుగులా ఉండాల. దీనికంటే ఇంట్లో పడుకోడం నయం.”

మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టులో ఉద్యోగానికి వచ్చాడు. మేమిద్దరం ఇక్కడే పుట్టి ఇక్కడి మాటే నేర్చుకున్నాం. కలిసినప్పుడల్లా ఒకణ్ణొకడు ఎగతాళి చేసుకోవడం మాకు అలవాటు. అందుకే ఆ రోజు అన్నది నాకు పెద్ద మాటలా అనిపించలేదు. వారం తిరిగాక అనిపించింది. నా మాటకి వాడు రోషపడి, ఆ ఆదివారం జోరు పెంచి ఉంటే? వాణ్ణి పరుగెత్తించింది నేనే అయితే?

ఇది ఎవరికీ చెప్పలేదు. తమ్ముడి భార్య, మా మరదలు, గోపాలపట్నంలో ఉంటుంది. పన్నెండో రోజు దాకా దగ్గరుండి అన్నీ చూశాను. ఆ తర్వాత వెళ్ళలేకపోయాను. ఫోను చేసేవాణ్ణి, అదీ రెండు ముక్కలు. నేనూ పోర్టులోనే ఉద్యోగం; అక్కడ పని ఎక్కువగా ఉందని చెప్పేవాణ్ణి. నా సెక్షన్లో పని ఎప్పుడూ ఎక్కువగా ఉండదని ఆమెకి తెలుసు.

నాలుగో నెలలో బీపీ బయటపడింది. రోజూ నడవమన్నారు. నడుస్తూ నడుస్తూ ఒకరోజు పరుగెత్తాను. ఎందుకో రాయగలను. రాస్తే అందంగా తయారవుతుంది, అందుకని రాయను. మర్నాడు నేనూ అలాంటి వాచీ కొన్నాను.

మొదటి నెల అంతా అవమానమే. పాతిక అడుగులు వేయగానే వాచీ అదిరేది. నడకలోకి దిగేవాణ్ణి. అంకె నూట పదికి వచ్చాక మళ్ళీ పాతిక అడుగులు. మా పోర్టు టౌన్‌షిప్ రోడ్ల మీద చిన్న మిట్ట వచ్చినా నడకే. మే నెలలో గాలి ఆడని పొద్దుల్లో, అదే దారిలో అదే అడుగు వేస్తున్నా అంకె పది పన్నెండు ఎక్కువ చూపించేది. ఉక్కపోతకి గుండె ఎక్కువ పని చేయాలి కాబోలు. వాకింగ్ వాళ్ళంతా నన్ను దాటిపోయేవారు. ఒకాయన ఆగి, “మోకాళ్ళ నొప్పులాండీ? కొబ్బరినూనెలో కర్పూరం వేసి రాయండి,” అని చెప్పి మరీ వెళ్ళాడు. కోపం వచ్చింది. కాళ్ళలో శక్తి ఉంది, వాడకూడదు. తమ్ముడు దీన్ని రెండేళ్ళు నవ్వుతూ భరించాడు.

జూలైలోనో ఆగస్టులోనో ఒక పొద్దున గేటు దగ్గర మొదలుపెట్టి నీళ్ళ ట్యాంకు దాకా ఒక్కసారీ నడవకుండా వెళ్ళాను. వాచీ అదరలేదు. పాడైందేమోనని చూశాను. నూట ఇరవై ఆరు.

సెప్టెంబరులో మరదలు ఫోను చేసింది. సంవత్సరీకం దగ్గరికొస్తోంది, పెద్దవారు మీరే చూడాలి అంది. అలాగేనమ్మా అన్నాను. ఫోను పెట్టాక అర్థమైంది, ఆ రోజు ఏం జరిగిందో తెలుసుకోకుండా ఆమె ముందు కూర్చోలేనని. ఆ ఆదివారమే బీచ్ రోడ్డుకి వెళ్ళాను. తమ్ముడితో పరుగెత్తిన గుంపు అక్కడే ఉంది. ఎనిమిది మంది. నేనెవరో చెప్పకుండా, కొత్తగా నేర్చుకుంటున్నానని చేరాను.

నా పక్కన పడ్డవాడు జాలరిపేట మనిషి. నలభై ఉంటాయి. పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. వాళ్ళ గుంపులో ఒక నియమం ఉందని మొదటి రోజే చెప్పాడు. “మాటాడతా పరిగెత్తాల, గురువుగారూ. మాట తెగిందంటే స్పీడెక్కీసినట్టే. వాచీ ఉన్నా లేకపోయినా అదే లెక్క.”

నేను తల ఊపాను.

“తలూపితే ఎలా తెలిసీది? మాటాడండి.”

“నాకు అంత మాట్లాడే అలవాటు లేదండీ.”

“అయితే ఎక్కాలప్పజెప్పండి.”

వేళాకోళం అనుకున్నాను. కాదు. పదమూడో ఎక్కం మొదలుపెట్టి ఎనిమిది దగ్గర తప్పాను. ముందు వెళ్తున్నవాళ్ళు నవ్వారు. “ఊపిరి బాగానే ఉంది, సదువే తగ్గింది,” అన్నాడతను. అందులో సగం నిజమే. ఇల్లంతా పుస్తకాలున్న మనిషిని, నూట నాలుగు గుర్తు రాలేదు.

రెండు వారాలు అలాగే గడిచాయి. అడగాలనుకున్నది నోటిదాకా వచ్చేది. దాని బదులు పద్నాలుగో ఎక్కం చెప్పేవాణ్ణి.

మూడో ఆదివారం మా ముందు వెళ్తున్న బ్యాంకు మేడమ్ గారు అడుగు పెంచారు. నా పక్కనున్నతను గట్టిగా అరిచాడు. “మేడమ్! గుడ్లు! బుట్టలో గుడ్లు పగిలిపోతాయి!”

ఆవిడ వెనక్కి చూడకుండా చెయ్యి ఊపి నెమ్మదించారు. నా వాచీ అదరడం మొదలుపెట్టింది. అడుగు మారలేదు. అంకె మాత్రం నూట నలభై దాటింది.

“స్పీడు పెంచలేదు కదా, ఏటిది, ఎందుకలా కొట్టుకుంటంది?” అని నన్ను నడకలోకి దింపాడు.

“గుడ్లు అంటే ఏమిటండీ?” అన్నాను.

అతను నా వైపు కాసేపు చూశాడు. “మీకు తెలీదేటి? మీరన్న మాటే కదా. మీరు అన్నగారని మొదటి రోజే పోల్చీసాను. మొకం అదే. మీరు సెప్పలేదని నానూ ఊరుకున్నాను.”

నా వాచీ అదురుతూనే ఉంది. అతనే చెప్పాడు. “ఆ రోజు మీ తమ్ముడుగారు మిమ్మల్ని దాటి మా కాడికొచ్చి, ఆగి, పొట్ట పట్టుకుని నవ్వారు. ‘మా అన్న ఇన్ని పుస్తకాలు సదివి ఇన్నాళ్ళకి పనికొచ్చే మాటొకటన్నాడ్రా’ అన్నారు. ఈళ్ళు ఎంత సెప్పినా నెమ్మదిగా ఎల్లరు కదా. నూట ముప్పైలూ నూట నలభైలూ ఎవడికి గుర్తుంటాయి? గుడ్లబుట్టంటే అందరికీ అర్థమైపోనాది. అప్పట్నుంచి అదే మాట.”

“తర్వాతి ఆదివారం,” అన్నాను. “ఆ రోజు జోరుగా వెళ్ళాడా?”

“ఎక్కడి జోరు! నానే పక్కనున్నాను. నాకే మాట తెగిపోతంటే గుడ్లు, గుడ్లు అని నన్ను తిట్టారు. ఆయన వాచీ ఒక్కసారీ అరవలేదు. అరిస్తే నాకు ఇనబడీదే. ముందు రోజు మా ఆవిడ చేపల పులుసెట్టింది, దాని గురించి సెప్తన్నాను. ‘కోనామా, సందువా?’ అనడిగారు. నాను సెప్పే లోగానే కూలబడిపోనారు.”

కొంచెం దూరం నడిచాం.

“ఏ చేప?” అన్నాను.

“కోనాం,” అన్నాడు.

గుంపు ముందుకు వెళ్ళిపోయింది. నేను సముద్రం వైపు గోడ మీద కూర్చున్నాను. ఏడుస్తానేమో అనుకున్నాను. ఆకలేసింది. ఏడాదిగా వేయని ఆకలి. రోడ్డు అవతల బండి దగ్గర రెండు ఇడ్లీలు చెప్పి నాలుగు తిన్నాను. తమ్ముడు లేడు, ఆ లోటు లోటే. కానీ వాణ్ణి నేను తరమలేదు. ఈ రెండూ వేరు వేరు సంగతులని నాకు అంతవరకూ తెలియలేదు.

అక్కణ్ణించే మరదలికి ఫోను చేశాను.

“ఏటి బావగారూ, ఇంత పొద్దున్నే?”

మొత్తం చెప్పాను. నేనన్న మాట, ఇన్ని నెలలు దాచింది, ఇప్పుడు విన్నది. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆగలేదు.

“దీనికా మా ఇంటి గడప తొక్కడం మానేశారు?” అంది. “ఆ రోజు ఆయన లెగనన్నారు బావగారూ, ఇంకాసేపు పడుకుంటానన్నారు. నానే దుప్పటి లాగీసి పంపించాను. అది మీకు ఎవరో చెప్పీసుంటారు, అందుకే నా మొకం చూడ్డం ఇష్టం లేక రావట్లేదనుకున్నాను.”

“నాకు ఎవరూ చెప్పలేదమ్మా. చెప్పినా అలా అనుకునేవాణ్ణి కాదు.”

“నాను మాత్రం అనుకుంటానా, మీ ఎగతాళి వల్లే ఇలా అయిందని? ఆ రోజు ఇంటికొచ్చి నాకూ చెప్పి నవ్వారు.”

బయల్దేరితే గంటలో వస్తానన్నాను.

“పరుగు నుంచి తిన్నగా వస్తారు కదా, ఒళ్ళంతా చెమటై ఉంటాది,” అంది. “నీళ్ళు తోడి తువ్వాలు తీసి పెడతాను. వచ్చీయండి.”