ఉప్పుగుర్రాల ఆచారం

ఈరోజు కర్లపాలెంలో మా ఆవిడ జ్ఞాపకార్థ కూడికలో ఒకప్పటి మా హెడ్మాస్టరుగారు మాట్లాడారు. సముద్రపు ఒడ్డున తిరిగే ఉప్పుగుర్రాలనే అడవిజాతిని కల్పించి నేనొక కథ రాస్తే, "మనవైపు అడవిగుర్రాలేంటండి?" అని స్కూలు పత్రికలో వేయకుండా తిప్పి పంపిన మనిషి.

మైకులో ఆయన, "ఎక్కడో చదివానండి, ఉప్పుగుర్రాల మందలో ఒకటి చనిపోతే, దాని జోడు మేత ముట్టేదాకా మిగతావి ముట్టవంట" అన్నారు. ఎక్కడ చదివారో నాకు తెలుసు. అయినా కోపం రాలేదు.

భోజనాల దగ్గర అందరూ విస్తళ్ల ముందు ఆగి ఉన్నారు. ఆయనే నా పక్కన కూర్చుని, "కానివ్వండి మాస్టారూ, మీరు ముట్టందే ఎవరూ ముట్టరు" అన్నారు.

ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అన్ని చేతులూ కదిలాయి.

ఆ గుర్రాలు నావేనని మీలో ఎవరైనా ఆయనకు చెప్పండి. నాకు ఓపిక లేదు.