సన్నబడిన గొంతు

రాజేశం మామ పోయాడన్న కబురు నాకు మొదట తెచ్చింది మా అక్క. సిరిసిల్ల నుంచి కోరుట్లకు వచ్చి, చెప్పులు విప్పుతూనే చెప్పింది. ఆమెకు మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లి, గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఏడుపు రాలేదు. ఇన్నేళ్లు మోసిన బరువును దించుకోవడానికి ఉన్న ఒక్క చోటూ పోయిందని మాత్రం తెలిసింది. అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు ఎప్పుడూ జబ్బే. నాయనే ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు నేర్పాడు, తర్వాత సోల్డరింగ్ నేర్పాడు. దీపం పెట్టినప్పుడల్లా ఆ రెండింటికీ దేవుడికి దండం పెట్టుకుంటాను. గల్ఫ్‌కు పోయినవాళ్లు ఒకప్పుడు తెచ్చిన పెద్ద హెడ్‌ఫోన్లు మా వైపు చాలా ఇళ్లలో మూలన పడి ఉంటాయి. వాటిని బాగుచేసి, రోజూ సెల్‌ఫోన్‌కు పెట్టుకుని వినేలా మార్చి ఇవ్వడం నా పని.

రాజేశం మామ అక్కవాళ్ల పక్కింటాయన. మరమగ్గాల మీద పని. శనివారం భజనలో పాట ఎత్తేది ఆయనే. ఆయన బాగుచేయమని నాకిచ్చిన హెడ్‌ఫోన్ వాళ్లన్న దుబాయి నుంచి తెచ్చింది. అన్న పోయాక, ఆయన పాడిన భజనల క్యాసెట్‌ను మామ సెల్‌ఫోన్‌లోకి ఎక్కించుకున్నాడు. భజనకు పోయేముందు అది విని, అన్న శ్రుతి పట్టుకుని పోవాలని ఆశ.

నుసిగా రాలుతున్న చెవిమెత్తలు తీసి, ఆయన నేసిన గుడ్డతోనే కొత్తవి కుట్టాను. బిగుసుకుపోయిన వైరు తీసేసి, ఫోన్‌కు సరిపోయే పిన్నుతో కొత్తది అతికాను. అతికేటప్పుడు వేడి ఎక్కువసేపు పెట్టాను. లోపలి స్పీకర్‌లో వెంట్రుకంత తీగ తెగిపోయింది. జగిత్యాల నుంచి కొత్త స్పీకర్ల జత తెప్పించాను. ఒక చెవికి ఒకలా, ఇంకో చెవికి ఇంకోలా వినిపిస్తే దొరికిపోతానని, బాగున్న రెండోదాన్నీ పీకేశాను. తెగింది పొరపాటు. బాగున్నదాన్ని పీకడాన్ని ఏమనాలి?

అక్కవాళ్ల అరుగు మీద కూర్చుని, నేను తీసుకెళ్లిన హెడ్‌ఫోన్ పెట్టుకుని, మామ కళ్లు మూసుకుని విన్నాడు.

"మా అన్న గొంతు సన్నగైందేంది బిడ్డా?"

"లేదు మామా, గట్లనే ఉన్నది."

"అడుగున బొంగురు ఉంటుండె. గది వస్తలేదు."

పక్కనుంచి వాళ్లావిడ లక్ష్మత్త అందుకుంది. "నేను పిలిస్తే ఎన్నడన్న ఇన్నవా నువ్వు? గా పిల్లనెందుకు సతాయిస్తున్నవ్!"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో నాకు దారి దొరికింది.

"గిన్నేండ్లు మగ్గాల కాడ ఉన్నవ్ గద మామా. చెవులు జర తగ్గినయేమో."

సిరిసిల్లలో ఆ మాటను ఎవరూ కాదనరు. సాంచాలనే ఆ మరమగ్గాల చప్పుడులో చేతులతో సైగలు చేసుకుంటూ బతికినవాళ్లు. మామ హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అయుంటది. మగ్గం కూడు వెట్టింది, చెవులు గుంజుకున్నది. నువ్వు ఉన్నదున్నట్టు జెప్పినవ్. సల్లగుండు బిడ్డా."

ఆ దీవెన తీసుకున్నాను. నిజం ఎందుకు దాచాను? నాయన నేర్పిన పనికి మాట వస్తుందని భయపడ్డానా, లేక ఆ నవ్వు చెడిపోతుందనా? రెండూ కావేమో. నేను మంచిదాన్నని నాకు నేను అనుకుంటూ ఉండాలి, అంతే.

కొన్నాళ్లకు అక్క ఫోన్ చేసింది. మామ పాట ఎత్తడం మానేశాడట. "శ్రుతి నాకు తెలుస్తలేదు, నలుగుర్ల నవ్వులపాలెందుకు" అని చిడతలు వేరేవాళ్ల చేతిలో పెట్టి, వెనక గోడకు ఆనుకుని కూర్చుంటున్నాడట. అప్పుడైనా చెప్పవచ్చు. బస్సెక్కితే సిరిసిల్ల ఎంత దూరం? తర్వాత ఎన్నోసార్లు వెళ్లాను కూడా. నన్ను చూస్తే చెవి నా వైపు తిప్పి, "జర గట్టిగ జెప్పు బిడ్డా" అనేవాడు. నేను గట్టిగా మాట్లాడేదాన్ని. అవసరం లేదని తెలిసి కూడా.

ఎందుకంటే ఆ తేడాను ఆయన మొదటిసారి వింటూనే పట్టుకున్నాడు. అన్న గొంతులో అడుగున ఉన్న బొంగురు పోయిందని, నేను చేసిన మార్పును నా ముందే చెప్పాడు. ఆ చెవులు చెడిపోయాయని నమ్మించింది నేను. అంత బాగా విన్నందుకే.

పీకేసిన ఆ పాత స్పీకర్ ఇంకా నా దగ్గరే ఉంది. నిన్న వైర్లు అతికి, వేరే భజన ఏదో పెట్టి విన్నాను. అడుగు గొంతు వచ్చింది. లక్ష్మత్తకు చెబుతాను. ఆమె ఏమంటే అది పడతాను. క్షమించమని దేవుణ్ని ఇంకా అడగలేదు. నిజం ఇలా మీ ముందైనా బయటికి వచ్చినందుకు మాత్రం దండం పెట్టుకున్నాను. కొంచెం ఊపిరాడుతోంది.

మీరు నన్ను మరిచిపోయినా ఫరవాలేదు. ఎక్కడైనా భజన వినిపించి, ఎవరో ఒకరు పాట ఎత్తితే, రాజేశం మామను ఒకసారి తలుచుకోండి. ఆయన చెవులు బాగానే ఉండేవి.