జత కుదరని కార్డులు

ఈ ఉదయం కార్డుల గదిలో ఫ్యాను ఆగి ఉంది. రోజూ నాకంటే ముందే వచ్చి దాన్ని ఒకటో నంబరు మీద పెట్టేవారు మా డాక్టరమ్మ. అంతకు మించితే కార్డులు ఎగిరిపోతాయి. ఆమె మొన్న పోయారు. స్విచ్ దగ్గరిదాకా వెళ్లి, వేయకుండానే వచ్చి కూర్చున్నాను.

గుండె జబ్బుతో మా ఆసుపత్రికి వచ్చిన ముసలివాళ్లు ఇంటికి వెళ్లాక ఏమయ్యారన్నదే ఆమె ప్రశ్న. బీమా ఉన్నవారి వివరాలు వార్డు రిజిస్టరు నుంచి కార్డుల మీదికి ఎక్కించాం. అది ఒక పెట్టె. బీమా ఆఫీసుకు తర్వాత చేరిన ఆసుపత్రి బిల్లుల వివరాలు రెండో పెట్టె. ఏ మనిషి బిల్లు ఆ మనిషి కార్డుతో కలపాలి. బిల్లు దొరకనివారు మళ్లీ మంచాన పడలేదని, మేం ఇచ్చిన గుండె మందు పనిచేసిందని అనుకునేవాళ్లం.

ఒకరి జబ్బు మరొకరికి అంటగడతానేమోనని నాకు ప్రతి కార్డుకూ భయమే. నా చెయ్యి ఆగితే ఆమె తన కరకరలాడే ఖాఖ్రా రొట్టె విరిచి సగం నా వైపు జరిపేవారు. సందేహం వచ్చినా నేను నోరు తెరిచి అడగలేనని ఆమెకు తెలుసు. "తప్పు జత కంటే ఒంటి కార్డు నయం అమ్మాయ్. పక్కన పెట్టు," అనేవారు.

అలా పక్కన పెట్టినవాటిలో ఒకటి, ఇక్కడ గుజరాత్‌లో తెలుగువాళ్లుండే గోడాదరా పేట నుంచి వచ్చిన కార్డు. వార్డు కార్డులో అరవై ఎనిమిదేళ్ల రాజయ్య. అదే ఇంటి నుంచి వచ్చిన రెండు బిల్లుల మీద వేరే పేరు. ఇంటికే వెళ్లి అడుగుదామన్నారు డాక్టరమ్మ. షేర్ ఆటోలో దారంతా అడగాల్సిన ప్రశ్ననే లోలోపల వల్లె వేసుకున్నాను. గుమ్మంలోకి వచ్చిన ముసలామెను చివరికి అడిగింది డాక్టరమ్మే.

"ఆసుపత్రిలో మీ ఆయన పేరు ఏం చెప్పారు పెద్దమ్మా?"

"ఆయన పేరు నేనేడ జెప్త? మా కొడుకు రాజయ్యకు నాయిన అన్న. గా పేర్లు రాసే గుజరాతాయన రాజయ్య అని రాస్కుండు. నన్నెందుకు సతాయిస్తరు, గా మంచం మీదున్నడు, ఆయన్నే అడుగుర్రి."

మంచం మీది ముసలాయన నవ్వాడు. "పెండ్లయిన కాన్నుంచి ఒక్కపారి పిలువలే. 'ఓ' అంటది, నేను పలుకుత."

ఆయన మళ్లీ రెండుసార్లు ఆసుపత్రిలో పడ్డాడు. బిల్లు జత కుదరక మా లెక్కలో మాత్రం కోలుకున్నవాడు.

ఆ మందు మంచిదేనని డాక్టరమ్మకు నమ్మకం కుదురుతున్న రోజులవి. "ఎంతమంది భార్యలు పేరు చెప్పలేదో," అన్నారు తిరుగు ఆటోలో. మర్నాడు నేను వచ్చేసరికి కట్టిన కార్డుల కట్టలన్నీ విప్పి ఉన్నాయి. కోలుకున్నారని రాసిన ప్రతి కార్డు దగ్గరా, రోగిని ఎవరు తీసుకొచ్చారో కనుక్కోమన్నారు. విసుగు పడలేదు. ఆ ఇళ్లకు నన్ను ఒంటరిగా ఎన్నడూ పంపలేదు.

సగం పెట్టె మిగిలే ఉంది. ఉన్నవాటితోనే లెక్క ముగించి పంపమంటున్నారు ఆసుపత్రివారు. అది చూసి రేపు ఏ డాక్టరో ఒక ముసలాయనకు ఆ మందు రాస్తారు. అందుకే ఇంకా పంపలేదు. పంపనని చెప్పే ధైర్యమూ రాలేదు. ఇక ఆ గుమ్మాల ముందు నేనే నిలబడి అడగాలి.

ఆమెకు ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు ఆమె ఇంటి దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే. గుమాస్తా పేరు అడిగాడు. ఆమె పేరు నా నోట ఎప్పుడూ రాలేదు. "డాక్టరమ్మ" అన్నాను. అతను అలాగే రాసుకున్నాడు.