మా అమ్మ మార్చని ముగింపు

మా చిన్నప్పుడు... నెలకు మూడు రోజులు మా అమ్మ వెనక వరండాలో చాప మీద కూర్చునేది. పక్కన ఒక చెంబు, విడిగా ఒక కంచం, ఒక గ్లాసు. "అమ్మని ముట్టుకోకే, కాకి ముట్టింది" అనేది మా బామ్మ, నాన్న వాళ్ళమ్మ. ఎనిమిదేళ్ళ నాకు ఆ కాకి మీద ఒళ్ళుమంట... లింగంపల్లిలో ఇన్ని ఇళ్ళుండగా ప్రతి నెలా మా ఇంటికే ఎందుకు తగలడాలి అని!

అమ్మకు మాత్రం ఆ కాకి అంటే ఇష్టమే. మిగతా రోజుల్లో నల్లా నీళ్ళు పట్టడం దగ్గర నుంచి రాత్రి పాలు తోడుపెట్టేదాకా ఆవిడకు నడుం వాల్చే తీరికే ఉండేది కాదు. ఆ మూడు రోజులూ వంటింట్లోకి రానివ్వరు కదా... బామ్మ గొణుక్కుంటూ వంట చేస్తుంటే, అమ్మ నా పాత నోటుబుక్కుల్లో మిగిలిన కాగితాలు తీసి కథలు రాసుకునేది.

అలా రాసిన ఒక కథలో ఒక ఇల్లాలు ఉంటుంది. కూరలో ఉప్పు ఎక్కువైందని మొగుడు చుట్టాల ముందు కంచం విసిరేస్తాడు. ఆవిడ చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని వెళ్ళిపోతుంది. మళ్ళీ రాదు... అంతే కథ. మా ఇంట్లోనూ రెండు కంచాలకు సొట్టలుండేవి. అవి ఎలా పడ్డాయో నాకూ తెలుసు, నాన్నకూ తెలుసు.

అమ్మ ఆ కథను ఒక వారపత్రికకు పంపింది. జవాబు వచ్చింది. ఉత్తరం విప్పింది నాన్న. "కథ బాగుంది. చివర్లో ఆవిడ తన తొందరపాటు తెలుసుకుని భర్త దగ్గరకు తిరిగివస్తే వేసుకుంటాం" అని రాశారు.

"వాళ్ళు చెప్పినట్టు మార్చు, లేకపోతే మానెయ్" అన్నాడు నాన్న. "మా ఆఫీసులో ఎవరైనా చదివితే ఇదంతా మనింటి భాగోతమే అనుకోరూ?"

అమ్మ పై నెల ఆ మూడు రోజులు రాగానే చాప పరుచుకుని కథంతా మళ్ళీ శుభ్రంగా రాసింది. ముగింపులో ఒక్క అక్షరం మార్చలేదు!

మూడో రోజు శనివారం. నాన్న తలస్నానం చేసి, మడి పంచె కట్టుకుని, పూజకు కూర్చోబోతూ వరండాలోకి తొంగిచూశాడు. నిలబడే చివరి పేజీ చదివాడు. ముఖం ఎర్రబడింది. "ఇప్పుడే చింపి పారేస్తాను" అంటూ చెయ్యి చాచాడు.

"ఒరేయ్, ముట్టుకోకు! అవి మైల కాగితాలురా!" వంటింట్లోంచి బామ్మ కేక. "ముట్టుకుంటే మళ్ళీ తలమీంచి నీళ్ళు పోసుకోవాలి... ట్యాంకరు రాలేదు, డ్రమ్ములో చుక్క లేదు!"

నాన్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అమ్మ లేచి నిలబడింది. కాగితాలు ఆయన వైపు చాపింది.

"చింపుతానన్నారుగా... తీసుకోండి. రండి, అందుకోండి."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. నిజం చెప్తున్నాను, అమ్మను చూసి నాన్న వెనక్కి తగ్గడం నేను చూసింది అదే మొదలు. ఎంత సంతోషమేసిందో!

కానీ తెల్లారితే నాలుగో రోజు. అమ్మ తలకు పోసుకుంటుంది, మైల పోతుంది, నాన్న చేతికి ఇక అడ్డుండదు. ఆ సంగతి నాకూ అర్థమైంది. ఆ రోజే ఆయన ఆఫీసుకు వెళ్ళగానే అమ్మ దగ్గర కవరు తీసుకుని పరుగెత్తి, స్టేషన్ దగ్గర పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.

"ముట్టుకున్నావుటే?" అంది బామ్మ.

"ముట్టుకున్నా!"

పోయడానికి నీళ్ళు లేవు... నన్నూ ఆ చాప మీదే కూర్చోబెట్టింది. అమ్మ కంచంలో, అమ్మ చేత్తో పెరుగన్నం తిన్నాను. పక్కింటి యాదమ్మత్త గోడ మీంచి చూసి, "ఏంది పిల్లా, నువ్వు గూడ కూసున్నవా? గిట్ల అందరు కూసుంటే ఇగ మీ ఇంట్ల వంటెవలు జేస్తరే?" అని ఒకటే నవ్వు. అమ్మ కూడా నవ్వింది.

మూడు నెలలకు కథ అచ్చయింది. పేరు అమ్మదే... చివరి పేరా మాత్రం పత్రిక వాళ్ళది! ఆ ఇల్లాలు బస్టాండు దాకా వెళ్ళి, మొగుడు ఆకలితో ఉంటాడని ఏడ్చుకుంటూ తిరిగొచ్చి కాళ్ళ మీద పడిందట. అమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాన్న ముఖం మాత్రం వెలిగిపోయింది. "మా ఆవిడ కథ" అని ఆఫీసులో పంచడానికి అయిదు కాపీలు కొనుక్కొచ్చాడు.

ఆ సాయంత్రం అమ్మ బయట కూర్చునే రోజు కాదు. అయినా పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి వరండాలో కూర్చుంది. అయిదు కాపీల్లోనూ ఆ పేరాను అడ్డంగా కొట్టేసి, పక్కన ఖాళీలో తన ముగింపు రాసింది. "పాలు పొంగిపోతున్నాయే!" అని బామ్మ అరిచింది.

"దింపండి అత్తయ్యా" అంది అమ్మ, తలెత్తకుండా.

నాన్న చూసుకోకుండా వాటిని అలాగే ఆఫీసులో పంచేశాడు. తర్వాత వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. "ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందే" అంది అమ్మ నాతో.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. బయట కూర్చోవడం మా కుటుంబంలో ఎప్పుడో పోయింది. నేను రాయదుర్గంలో ఒక అద్దాల బిల్డింగులో టీమ్ లీడ్‌ని. మొన్న కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ మహిళా దినోత్సవానికి ఒక చిన్న నాటిక రాసిచ్చాను. అసోసియేషన్ పెద్దాయన ఫోన్ చేశారు. "అంతా బావుందమ్మా... చివర్లో ఆ అమ్మాయి కాస్త సర్దుకుపోయినట్టు పెడితే ఫ్యామిలీలు చూడ్డానికి బాగుంటుంది."

"మార్చనండి."

"అయితే స్టేజీ మీద వేయనివ్వలేమమ్మా."

"పర్లేదండి, పార్కింగులో వేసుకుంటాం."

వేశాం. అమ్మ ముందు వరసలో కుర్చీ లాక్కుని కూర్చుంది.

కాలం మారింది, నేనూ ఒప్పుకుంటాను... కానీ ఆడదాని కథకు ముగింపు మేమే చెప్తాం అనేవాళ్ళు ఇంకా ఫోన్లు చేస్తూనే ఉన్నారు. మీ అమ్మ కథనో, అత్త కథనో, మీ కథనో ఎవరైనా ఇలా మార్చేశారా? కింద రాయండి... వాళ్ళు మార్చింది కాదు, అసలుది రాయండి.